గొట్టంలో 30 కిలోమీటర్ల ఎత్తు: షాక్ వేవ్‌లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

షాక్ ట్యూబ్ అంటే ఏమిటో గత సంచికలో క్లుప్తంగా రాశాం. పొడవాటి గొట్టాన్ని డయాఫ్రమ్ అనే పలుచని పొరతో రెండు భాగాలు చేస్తారు. ఒక భాగంలో ఎక్కువ పీడనం ఉంచుతారు, దాన్ని డ్రైవర్ అంటారు. రెండో భాగంలో తక్కువ పీడనం ఉంచుతారు, అది డ్రివెన్. డయాఫ్రమ్ చిరిగిన క్షణంలో డ్రివెన్ వైపు షాక్ వేవ్ (ధ్వనిని మించిన వేగంతో కదులుతూ పీడనాన్ని ఒక్కసారిగా పెంచే తరంగం) దూసుకుపోతుంది. ఫ్రాన్స్‌లో పాల్ వియే 1899లోనే ఇలాంటి గొట్టంతో ప్రయోగాలు చేశాడు. ఆ పరిచయం చదివి విశాఖ, అనకాపల్లి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: ఎత్తైన ఆకాశంలో ఉండే పరిస్థితిని ప్రయోగశాలలోకి తేవడం ఎలా? వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా ఫైనలియర్ ప్రాజెక్టు 30 కి.మీ. ఎత్తులో షాక్ వేవ్. డ్రివెన్ గొట్టంలో 12 మిల్లీబార్లు పెట్టాలని లెక్క వేసుకున్నాం. డ్రైవర్‌కు 8 బార్ల కంప్రెసర్ కొనాలా, హీలియం సిలిండర్ తెచ్చుకోవాలా అన్నది తేలడం లేదు. గొట్టం కొలతలు కూడా చెప్పగలరా?
— మెకానికల్ విద్యార్థులు, గాజువాక

జవాబు: మొదట ఆ 12 మిల్లీబార్ల సంగతి చూద్దాం. ప్రామాణిక వాతావరణ పట్టికలో 30 కి.మీ. దగ్గర పీడనం 1197 పాస్కల్స్, అంటే మీరు చెప్పిన 12 మిల్లీబార్లే. అయితే అక్కడ ఉష్ణోగ్రత 226.5 కెల్విన్, మీ గదిలో 300 కెల్విన్. పీడనం ఒకటే అయినా గదిలోని గాలి వేడిగా ఉంటుంది కాబట్టి సాంద్రత తగ్గుతుంది. పైన ఘనపు మీటరుకు 0.0184 కిలోలు ఉంటే మీ గొట్టంలో 0.0139 మాత్రమే ఉంటుంది. సాంద్రత కలవాలంటే దాదాపు 16 మిల్లీబార్లు నింపాలి. ధ్వని వేగం కూడా మారుతుంది: పైన సెకనుకు 302 మీటర్లు, గదిలో 347. అందువల్ల మాక్ సంఖ్య (వేగం ధ్వని వేగానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) కలిస్తే వేగం కలవదు, వేగం కలిస్తే మాక్ సంఖ్య కలవదు. ఈ ప్రాజెక్టులో ఏది కలవాలో ముందే తేల్చుకుని రిపోర్టు మొదటి పేజీలోనే రాయండి. ‘30 కి.మీ. ఎత్తును అనుకరించాం’ అని ఊరికే రాస్తే పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

ఇక డ్రైవర్. కంప్రెసర్ అవసరం లేదు. డ్రైవర్‌లో గది గాలినే, 1 బార్ దగ్గరే ఉంచండి. 12 మిల్లీబార్లతో పోలిస్తే అది 84 రెట్లు. గాలితో గాలిని నెట్టేటప్పుడు ఈ నిష్పత్తికి షాక్ ట్యూబ్ సమీకరణం మాక్ 2.3 ఇస్తుంది. షాక్ వెనక పీడనం 6 రెట్లయి 72 మిల్లీబార్లకు చేరుతుంది, ఉష్ణోగ్రత 580 కెల్విన్ దాటుతుంది. ఆచరణలో మాక్ సంఖ్య దీనికన్నా కొంచెం తక్కువే వస్తుంది. డయాఫ్రమ్ తెరుచుకోవడానికి పట్టే సమయం, గోడల ఒరిపిడి అందుకు కారణం.

మాక్ 3 కావాలంటే లెక్క మారిపోతుంది. గాలితో అయితే డ్రివెన్ పీడనానికి 630 రెట్లు కావాలి, అంటే సుమారు 7.6 బార్లు. హీలియంతో 44 రెట్లు చాలు, అంటే అర బార్‌కు కాస్త పైన. హీలియంలో ధ్వని వేగం సెకనుకు 1000 మీటర్లు దాటుతుంది కాబట్టి అది వ్యాకోచించేటప్పుడు పీడనాన్ని అంత త్వరగా కోల్పోదు. 1 బార్ హీలియంతో లెక్క మాక్ 3.5 దాకా వెళ్తుంది. 8 బార్ల గాలి ఇచ్చేది మాక్ 3 మాత్రమే. విద్యార్థుల ప్రయోగశాలకు మా సలహా హీలియమే. గొట్టంలో ఎక్కడా వాతావరణ పీడనాన్ని మించిన ఒత్తిడి ఉండదు కనుక ప్రమాదం చాలా తగ్గుతుంది.

హీలియం నింపడానికి ఒక వరుస ఉంది, అది తప్పకూడదు. డ్రైవర్‌కూ డ్రివెన్‌కూ మధ్య బైపాస్ వాల్వు పెట్టి, రెండు భాగాలనూ కలిపి ఖాళీ చేయండి. డ్రైవర్‌ను విడిగా ఖాళీ చేస్తే డయాఫ్రమ్ వెనక్కి ఉబ్బి చిరుగుతుంది. తర్వాత బైపాస్ మూసి, డ్రివెన్‌లోకి పొడి గాలిని 12 మిల్లీబార్ల దాకా వదలండి. చివరగా డ్రైవర్‌లోకి హీలియం మెల్లగా ఎక్కించండి. డ్రైవర్‌లో పదో వంతు గాలి మిగిలిపోయినా ధ్వని వేగం 20 శాతానికి పైగా పడిపోతుంది, మాక్ సంఖ్య లెక్కకు అందదు. ‘హీలియం వాడినా ఫలితం రాలేదు’ అనే ఫిర్యాదుకు ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

కొలతలు: లోపలి వ్యాసం 50 మి.మీ. ఉన్న అతుకులేని స్టెయిన్‌లెస్ గొట్టం, డ్రైవర్ 1 మీటరు, డ్రివెన్ 3 మీటర్లు. పీవీసీ గొట్టం వద్దు. పగిలితే పెంకులుగా ఎగురుతుంది. డయాఫ్రమ్‌కు 25 మైక్రాన్ల పాలిస్టర్ షీటుతో మొదలుపెట్టండి. ప్రయోగంలో దాన్ని సూదితో పొడిచి చింపుతారు. ముందు ఆ సూది లేకుండా, పీడనం పెంచుతూ పోయి షీటు దానంతట అది ఎక్కడ చిరుగుతుందో కొన్నిసార్లు చూసి రాసుకోండి. ప్రయోగంలో వాడే పీడన తేడా ఆ విలువలో 80–90 శాతం ఉండాలి. అప్పుడే సూది తగలగానే షీటు నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది. షీటు మరీ గట్టిదైతే సూది చిన్న రంధ్రం చేసి ఊరుకుంటుంది, గాలి బుస్సుమని కారుతుంది తప్ప షాక్ పుట్టదు. అలాంటప్పుడు సూది బదులు ప్లస్ ఆకారంలో ఉన్న బ్లేడు పెట్టండి. షీటును బిగించే ఫ్లాంజుల అంచు పదునుగా ఉంటే రేకులు మొదట్లోనే తెగి ముక్కలవుతాయి. ఆ ముక్కలు షాక్ వెనకే వచ్చి సెన్సర్‌ను కొడతాయి. లేత్ మీద ఆ అంచును 2 మి.మీ. మేర గుండ్రం చేయించండి.

డయాఫ్రమ్ నుంచి 2.7 మీటర్ల దూరంలో సెన్సర్ పెడితే మాక్ 2.3 షాక్ 3.4 మిల్లీసెకన్లకు చేరుతుంది. దాని వెనకే డ్రైవర్ గాలి 5 మిల్లీసెకన్లకు వస్తుంది. మధ్యలో దొరికే 1.6 మిల్లీసెకన్లే మీ పరీక్ష కాలం. తక్కువ పీడనంలో గోడల పక్కన సరిహద్దు పొర మందంగా పెరిగి ఇందులోనూ కొంత తినేస్తుంది. పీడనం ఇంకా తగ్గించి 50, 60 కి.మీ. ఎత్తులకు వెళ్లాలంటే గొట్టం పొడవు పెంచి లాభం లేదు, వ్యాసం పెంచాలి. ఆ పొర సాఫీగా ఉన్నంతవరకు, దొరికే పరీక్షా వాయువు పొడవుకు ఉన్న హద్దు వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం రెండింతలైతే హద్దు నాలుగింతలవుతుంది.

ప్రశ్న: మా కళాశాల ల్యాబ్‌లో గాలిని తోడేసే రోటరీ పంపు ఉంది. ఎండాకాలంలో బాగానే పనిచేసింది. వానలు మొదలయ్యాక పంపు నూనె పాలలా తెల్లబడుతోంది, గేజ్ ముల్లు నిలకడగా ఉండడం లేదు. లీకా? పంపు పాడైందా?
— ల్యాబ్ టెక్నీషియన్, మధురవాడ

జవాబు: బహుశా రెండూ కాదు, తేమ. మన తీరంలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున గాలిలో నీటి ఆవిరి ఒక్కదాని పీడనమే 34 మిల్లీబార్లు. మీరు గొట్టంలో నిలపాలనుకుంటున్న 30 కి.మీ. పీడనం మొత్తం కలిపినా 12. గొట్టం తెరిచి డయాఫ్రమ్ మార్చిన ప్రతిసారీ ఆ తేమ లోపలి గోడలకు అంటుకుంటుంది, పంపు నడుస్తున్నంతసేపూ మెల్లగా ఊడి వస్తుంది. పంపు లోపల నొక్కుకుపోయి నీరై నూనెలో కలుస్తుంది.

పంపుకు గ్యాస్ బ్యాలస్ట్ అనే చిన్న వాల్వు ఉంటుంది. పంపు ఇన్లెట్ మూసి, ఆ వాల్వు తెరిచి అరగంట నడపండి. నూనె వేడెక్కి నీటిని ఆవిరిగా బయటికి నెట్టేస్తుంది. తెలుపు పోకపోతే నూనె మార్చాల్సిందే. గొట్టంలోకి గది గాలి నేరుగా వదలొద్దు, సిలికా జెల్ సీసా గుండా పోనివ్వండి. జెల్ నీలం పోయి గులాబీ రంగుకు వచ్చిందంటే ఓవెన్‌లో ఆరబెట్టాలి. నత్రజని సిలిండర్ ఉంటే ఇంకా మంచిది. గొట్టాన్ని నింపి ఖాళీ చేయడం మూడుసార్లు చేస్తే గోడల తేమ చాలావరకు పోతుంది.

లీకో తేమో తేల్చుకోవడానికి పంపు వైపు వాల్వు మూసి, పది నిమిషాల పాటు నిమిషానికొకసారి పీడనం రాయండి. ఆ అంకెలతో గీసిన గీత తిన్నగా, ఒకే వాలుతో పెరిగితే లీకు. మొదట గబగబా పెరిగి తర్వాత చదునైతే తేమ. నిమిషానికి 0.05 మిల్లీబార్లు పెరగడం 12 మిల్లీబార్ల ప్రయోగానికి పెద్ద లెక్కలోది కాదు. 50 కి.మీ. ఎత్తుకు సరిపడే 0.8 మిల్లీబార్ల దగ్గర అదే లీకు నిమిషానికి 6 శాతం తప్పు. లీకు అని తేలితే ముందు మైల్డ్ స్టీల్ ఫ్లాంజులు విప్పి ఓ-రింగ్ (రబ్బరు వలయం) గాడి చూడండి. ఉప్పుగాలికి ఆ గాడిలో పట్టిన తుప్పు కంటికి సరిగా కనబడదు, గోరుతో గీరితే తెలుస్తుంది. నూలు పోగులు వదలని గుడ్డతో తుడిచి, వాక్యూమ్ గ్రీజు పలుచగా రాయండి. దిట్టంగా పూస్తే ఆ గ్రీజే ఆవిరి వదులుతుంది.

గేజ్ విషయం కూడా చెప్పాలి. గుండ్రటి డయల్ ఉన్న వాక్యూమ్ గేజ్ బయటి వాతావరణంతో పోల్చి చూపిస్తుంది, అసలు పీడనం చూపదు. మామూలు రోజుల్లోనే బయటి పీడనం కొన్ని మిల్లీబార్లు అటూ ఇటూ మారుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు తుపాను కేంద్రంలో పీడనం సుమారు 950 మిల్లీబార్లకు పడిపోయింది. అంటే మామూలుకన్నా 60 తక్కువ. 12 మిల్లీబార్లు కొలవాల్సిన చోట ఇలాంటి గేజ్ ఎందుకూ పనికిరాదు. పిరానీ గేజ్ (వేడి తీగ చల్లబడే తీరును బట్టి పీడనం చెప్పేది) కూడా 10 మిల్లీబార్ల పైన మొద్దుబారుతుంది, హీలియం గానీ నీటి ఆవిరి గానీ కలిస్తే లెక్క తప్పుతుంది. వాయువు ఏదైనా సరిగ్గా చూపేది కెపాసిటెన్స్ డయాఫ్రమ్ గేజ్. ఖరీదైనదే, కానీ డబ్బు ఒకే చోట పెట్టగలిగితే దాని మీదే పెట్టండి.

ప్రశ్న: గగన్‌యాన్ మాడ్యూల్‌ను సముద్రంలోంచి ఓడలోకి ఎక్కించే పరీక్షలు మన విశాఖ తీరంలో జరిగాయని చదివాను. ఆ మాడ్యూల్ 80 కి.మీ. ఎత్తులో ఎదుర్కొనే షాక్‌ను నేల మీద ఎలా పరీక్షిస్తారు? అంత శూన్యం సృష్టిస్తారా?
— విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: మీరు చదివింది నిజమే. 2024 డిసెంబర్ 6న ఇస్రో, నౌకాదళం కలిసి విశాఖ తీరంలో వెల్‌డెక్ ఓడతో (వెనక భాగంలోకి నీరు నింపి వస్తువులను లోపలికి తీసుకోగలిగే ఓడ) ఆ పరీక్ష చేశాయి. షాక్ పరీక్షలకు మాత్రం 80 కి.మీ. ఎత్తులోని పీడనాన్ని యథాతథంగా తేవాల్సిన పని లేదు, చాలా సందర్భాల్లో తేకూడదు కూడా.

80 కి.మీ. దగ్గర ఒక అణువు మరో అణువును ఢీకొనేలోపు సగటున 4.4 మి.మీ. ప్రయాణిస్తుంది. నేల మీద ఈ దూరం మిల్లీమీటరులో పదిహేను వేల వంతు. షాక్ మందం, వేడి పంచుకునే తీరు, అణువులు విడిపోయే దూరం అన్నీ ఈ కొలతను బట్టి సాగుతాయి. 2 మీటర్ల వస్తువుకు ప్రయోగశాలలో నూరో వంతు నమూనా, అంటే 20 మి.మీ. బొమ్మ చేస్తే, ఢీకొనే దూరాన్ని కూడా నూరో వంతుకు తగ్గించాలి. అందుకు సాంద్రతను నూరు రెట్లు పెంచాలి. 80 కి.మీ. ఎత్తులో సాంద్రత ఘనపు మీటరుకు 0.0000185 కిలోలు, నమూనా మీద వీచే ప్రవాహంలో 0.00185 ఉండాలి. అంత సాంద్రత అసలు ఆకాశంలో సుమారు 45 కి.మీ. దగ్గర ఉంటుంది. సాంద్రతనూ పొడవునూ గుణించిన విలువ మారకుండా చూడటమే ఇక్కడి సూత్రం. 80 కి.మీ. పీడనం పెట్టి చిన్న నమూనాను పరీక్షిస్తే అది నిజానికి అంతకన్నా చాలా ఎత్తులో ఎగిరే వాహనం ఫలితం ఇస్తుంది. ఈ సూత్రానికీ హద్దు ఉంది. రెండు అణువులు ఢీకొని జరిగే మార్పులు దీంతో సరిపోతాయి. మూడు కలిస్తే తప్ప జరగని మార్పు, అంటే విడిపోయిన పరమాణువులు తిరిగి కూడటం, వేడి గాలి వెలువరించే కాంతి సరిపోవు.

అసలు కష్టం శక్తిలో ఉంది. సెకనుకు 7.8 కి.మీ. వేగంతో వచ్చే వాహనానికి ఎదురయ్యే గాలి, కిలోకు 30 మెగాజౌళ్ల శక్తి మోస్తుంది. అంతకన్నా ఎంతో తేలికైన మాక్ 8 చూడండి. 30 కి.మీ. ఎత్తులోని 226 కెల్విన్ గాలి నాజిల్ (గాలిని వేగంగా వదిలే మూతి) నుంచి మాక్ 8తో రావాలంటే, నాజిల్ ముందు ఆ గాలి సుమారు 3100 కెల్విన్, 117 బార్ల దగ్గర ఉండాలి. ఇది గాలిని ఆదర్శ వాయువుగా తీసుకున్న లెక్క. వేడి చేయకుండా గది గాలినే వదిలితే నాజిల్ చివర 22 కెల్విన్‌కు చల్లబడుతుంది, ఆలోపే ద్రవమై బిందువులు కడుతుంది. ఏ కొలిమీ 3100 కెల్విన్ గాలిని గంటల తరబడి ఇవ్వలేదు. అందుకే షాక్ ట్యూబ్ చివర నాజిల్ బిగించి, షాక్‌తోనే గాలిని ఒక మిల్లీసెకను పాటు కాల్చే షాక్ టన్నెల్ వచ్చింది. నమూనా మీద పీడనం, వేడి రేటు కొలవడానికి అది చాలు. కవచం పదార్థం నిమిషాల పాటు వేడికి నిలుస్తుందా అన్నది తేల్చేది ప్లాస్మా విండ్ టన్నెల్, అంటే విద్యుత్తుతో కాచిన వాయువును వీచే సొరంగం. ఏ ఒక్క యంత్రమూ మాక్ సంఖ్య, సాంద్రత, శక్తి, కాలం అన్నీ కలిపి ఇవ్వదు. మనకు దగ్గరలో హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ హైపర్‌సోనిక్ టన్నెల్ 2020 డిసెంబర్‌లో ప్రారంభమైంది. దాని నాజిల్ నోరు 1 మీటరు, పరిధి మాక్ 5 నుంచి 12.

ప్రశ్న: పదో తరగతి పిల్లలకు షాక్ వేవ్ చూపించాలి. బడ్జెట్ లేదు.
— ఉపాధ్యాయురాలు, అనకాపల్లి

జవాబు: కుళాయి కింద చదునైన స్టీలు పళ్లెం పెట్టి నీళ్లు వదలండి. ధార పడ్డ చోట పలుచగా, వేగంగా పారిన నీరు కొంత దూరంలో గుండ్రటి గట్టులా ఒక్కసారిగా లేస్తుంది. లోపల నీరు అలల వేగాన్ని మించి పారుతుంది, గట్టు దాటాక నెమ్మదిస్తుంది. షాక్ దగ్గర గాలికి జరిగేది దాదాపు ఇదే. పళ్లెం అంచున వేలు పెట్టి నీటిని కాస్త ఆపితే గట్టు లోపలికి జరుగుతుంది, ధార పెంచితే బయటికి జరుగుతుంది. రెండూ పిల్లల చేతే చేయించండి. నిజమైన షాకే కావాలంటే బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులు కె.పి.జె. రెడ్డి రూపొందించిన ‘రెడ్డి ట్యూబ్’ ఉంది. చేత్తో పిస్టన్ నెట్టితే డయాఫ్రమ్ చిరిగి షాక్ పుడుతుంది. దగ్గర్లోని ఇంజినీరింగ్ కళాశాలను అడిగి చూడండి, చెవులకు రక్షణ మరవకండి.

ప్రశ్న: ఎత్తు పెరిగితే గాలి పలుచనవుతుంది కదా, అక్కడ పేలుడు తరంగం బలహీనమై తొందరగా ఆగిపోవాలి. కానీ ఎక్కువ దూరం పోతుందని ఒకచోట విన్నాను. ఏది నిజం?
— పాఠకుడు, పెందుర్తి

జవాబు: మీరు విన్నది నిజం, మీరు ఊహించినదాంట్లోనూ సగం నిజం ఉంది. 1944లో శాస్త్రవేత్త శాక్స్ ఇచ్చిన కొలమానం ప్రకారం, పేలుడు శక్తిని చుట్టూ ఉన్న పీడనంతో భాగించి ఘనమూలం తీస్తే దాని పరిధికి కొలత దొరుకుతుంది. 30 కి.మీ. దగ్గర పీడనం నేల మీదకన్నా 85 రెట్లు తక్కువ కనుక, చుట్టుపక్కల గాలిని ఇన్ని రెట్లు నొక్కింది అనే లెక్కలో అదే బలం 4.4 రెట్లు దూరం వరకు ఉంటుంది. అయితే అక్కడ ఒక రెట్టు అంటేనే 12 మిల్లీబార్లు. కాబట్టి వస్తువు మీద పడే అసలు దెబ్బ చాలా తక్కువ.

దీన్ని ప్రయోగశాలలో లేజర్ మెరుపుతో చూస్తారు, పేలుడు పదార్థం అక్కర్లేదు. గాలి పీల్చుకున్న శక్తి 0.1 జౌల్ అయితే ఆ కొలత నేల పీడనంలో 1 సెం.మీ., 12 మిల్లీబార్ల దగ్గర 4.4 సెం.మీ. నేల పీడనానికి సరిపోయిన చిన్న పెట్టెలోనే శూన్యం చేసి చూస్తే, గోడకు తగిలి వెనక్కి వచ్చిన తరంగం అసలుదానితో కలిసిపోతుంది. పీడనం తగ్గేకొద్దీ గాలిలో మెరుపు పుట్టడమూ కష్టమవుతుంది, పీల్చుకునే శక్తీ పడిపోతుంది. లేజర్ ముందు, వెనక శక్తి మీటర్లు పెట్టి తేడా కొలవకుండా, లేజర్ మీద రాసిన అంకెను లెక్కలో వేస్తే పరిధి ఎప్పుడూ తప్పే వస్తుంది.

ప్రశ్న: 12 మిల్లీబార్ల దగ్గర మా ఆసిల్లోస్కోపులో షాక్ సిగ్నల్ నాయిస్‌లో మునిగిపోతోంది, పైగా షాక్ రాకముందే ట్రిగ్గర్ అవుతోంది. ష్లీరెన్‌లోనూ (గాలి సాంద్రతలోని మార్పును కాంతి వంపుతో చిత్రంగా చూపే పద్ధతి) ఏమీ కనబడదు. వాతావరణ పీడనంలో రెండూ చక్కగా వచ్చాయి.
— పరిశోధక విద్యార్థిని, పీఎం పాలెం

జవాబు: మాక్ 2.3 దగ్గర మీకు వచ్చే పీడన పెరుగుదల 6 కిలోపాస్కల్స్ మాత్రమే. కిలోపాస్కల్‌కు 0.7 మిల్లీవోల్టులు ఇచ్చే అధిక పీడన సెన్సర్ పెడితే సిగ్నల్ 4 మిల్లీవోల్టులే. కిలోపాస్కల్‌కు 14 మిల్లీవోల్టులిచ్చే రకం పెడితే 80 దాటుతుంది. ముందే ట్రిగ్గర్ అవడానికి కారణం గొట్టం ఉక్కు. డయాఫ్రమ్ చిరిగిన కుదుపు ఉక్కులో సెకనుకు 5000 మీటర్ల వేగంతో పరుగెత్తి, 2.7 మీటర్ల దూరాన్ని అర మిల్లీసెకనులో చేరుతుంది. అసలు షాక్ రావడానికి 3.4 పడుతుంది. ట్రిగ్గర్ అయిన క్షణానికీ డయాఫ్రమ్ చిరిగిన క్షణానికీ మధ్య అర మిల్లీసెకనే ఉంటే అది ఉక్కు కుదుపే. సెన్సర్‌ను నైలాన్ తొడుగులో బిగించండి, ముఖం గొట్టం లోపలి గోడతో సమంగా ఉండాలి. లోతుకు పోతే ఆ గుంట ఈల వేసినట్టు కంపిస్తుంది. షాక్ తర్వాత గీత కిందికి జారుతుంటే సెన్సర్ ముఖం వేడెక్కుతోందని అర్థం, నల్లటి ఎలక్ట్రికల్ టేపు ముక్క ఒకటి అంటించండి. 50 కి.మీ. స్థాయికి వెళ్తే పీడన సెన్సర్‌ను నమ్ముకోకండి. షాక్ ఎప్పుడు వచ్చిందో పట్టడానికి ప్లాటినం పలుచని పొర ఉన్న ఉష్ణ గేజ్ మేలు.

ష్లీరెన్‌లో మీ శత్రువు గది ఏసీ. మీ షాక్ దగ్గర సాంద్రత మార్పు ఘనపు మీటరుకు 0.029 కిలోలు, అదీ 50 మి.మీ. వెడల్పులోనే. గదిలో ఒక్క డిగ్రీ ఉష్ణోగ్రత తేడా 0.004 మార్పు ఇస్తుంది, కానీ కాంతి ఆ గాలిలో 3 మీటర్లు ప్రయాణిస్తుంది. రెండింటినీ పొడవుతో గుణిస్తే గది గాలి ప్రభావమే షాక్‌కు 8 రెట్లు. ఏసీ, ఫ్యాను ఆపి పావుగంట ఆగండి. అద్దాల మధ్య కాంతి దారి మొత్తానికి నల్ల అట్టతో సొరంగం కట్టండి. దీపం ముందున్న చీలికను సన్నం చేసి, కత్తి అంచుతో చాలా భాగం కోయండి. కాంతిని ఒకే దారిలో రెండుసార్లు పంపితే సిగ్నల్ రెండింతలవుతుంది. షాట్‌కు క్షణం ముందు ఖాళీ చిత్రం తీసి, షాట్ చిత్రం నుంచి దాన్ని తీసివేయండి. అప్పటికీ గీత కనబడకపోతే డయాఫ్రమ్ దగ్గరికి వెళ్లి రేకులు పూర్తిగా తెరుచుకున్నాయో లేదో చూడండి. సగమే తెరుచుకున్న షీటు వెనక షాక్ కట్టుగా ఏర్పడదు, వరుసగా వచ్చే చిన్న చిన్న పీడన తరంగాలను ఏ అద్దమూ గీతగా చూపలేదు.